పోటీలో న్యాయం, లెక్కలో నిజాయితీ

ఇద్దరు మనుషులు ఒకే పనికి పూనుకున్నప్పుడు ఇద్దరినీ ఒకే కొలతతో కొలవడం న్యాయమా, లేక ఎవరి శక్తిని బట్టి వారిని కొలవడం న్యాయమా? ముప్ఫై ఏళ్ళకు పైగా మదర్సాలో పిల్లల ఎదుట కూర్చుంటున్న నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే ఈ మధ్య అది నేను ఏనాడూ ఊహించని చోటు నుంచి, ఒక తుపాకి ఆట రూపంలో నా ముందుకు వచ్చింది.

మా ఆపా కుమారుడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒకనాడు ఫోను చేసి ఇలా అడిగాడు: “మామూ, మా ఆఫీసులో కొందరు ప్రతి బుధవారం సాయంత్రం ట్రాప్ షూటింగ్ లీగ్‌కు వెళతారు. నన్నూ రమ్మంటున్నారు. అక్కడ కొత్తవాళ్ళకు కొన్ని పాయింట్లు అదనంగా కలుపుతారు. దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. అది న్యాయమేనంటారా? పైగా అందరూ తలా కొంత సొమ్ము వేసి, చివర్లో గెలిచినవాళ్ళకు ఇస్తారట. అది జూదం కిందికి వస్తుందా?”

విషయ స్వరూపం తెలియనిదే తీర్పు చెప్పరాదన్నది మా గురువులు నేర్పిన మొదటి పాఠం. అందుకే ముందు ఆ ఆట ఏమిటో వివరంగా చెప్పమన్నాను. అతను చెప్పినదీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ పాఠకులకు కూడా ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఆటలో నేలకు కొద్ది ఎత్తులో ఒక చిన్న గది ఉంటుంది. అందులోని యంత్రం అరచేతి వెడల్పు గల బిళ్ళలను ఆటగాడికి ఎదురుగా, దూరంగా పోయేట్లు గాలిలోకి విసురుతుంది. బిళ్ళ ఏ పక్కకు పోతుందో ముందుగా తెలియదు. గది వెనుక ఐదు స్థానాలు ఉంటాయి. ఐదుగురు వరుసగా నిలబడి, వంతుల వారీగా ఒక్కొక్క బిళ్ళను కాలుస్తారు. ఒక్కో స్థానంలో ఐదు బిళ్ళల చొప్పున, మొత్తం 25 బిళ్ళలు ఒక ఆవృతం. బిళ్ళ నుంచి కంటికి కనిపించేంత ముక్క ఊడితే చాలు, ఒక పాయింటు. మామూలు పోటీలో అందరూ ఆ గదికి 16 గజాల వెనుక నిలబడతారు.

ఈ బిళ్ళల వెనుక ఒక చరిత్ర ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు చివర్లో ఇంగ్లండులో ఈ ఆట మొదలైనప్పుడు గురి పెట్టింది బిళ్ళలకు కాదు, ప్రాణమున్న పావురాలకు. వాటిని పెట్టెల్లో బంధించి, తాడు లాగి మూత తెరిచి, ఎగిరిన క్షణంలో కాల్చేవారు. ఆ పెట్టెనే ‘ట్రాప్’ అన్నారు. ఆటకు ఆ పేరే నిలిచింది. తర్వాత గాజు బంతులు వచ్చాయి. పగిలినప్పుడు పక్షిని కొట్టినట్టే కనిపించాలని కొన్నింటిలో ఈకలు కూరేవారు! 1880లో ఒహాయోలోని సిన్సినాటి నగరానికి చెందిన జార్జ్ లిగౌస్కీ మట్టి బిళ్ళను రూపొందించాడు. అయినా పాత అలవాటు వెంటనే పోలేదు. 1900లో పారిస్‌లో ఒలింపిక్ క్రీడల సందర్భంగా కూడా బతికున్న పావురాలపై పోటీ జరిగింది. నేటికీ ఆ బిళ్ళను ఆంగ్లంలో ‘మట్టి పావురం’ అనే పిలుస్తారు.

ఇది చదివినప్పుడు నాకు హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) గారి ఉదంతం గుర్తుకొచ్చింది. కొందరు ఖురైష్ యువకులు ఒక పక్షిని కట్టి, దాని మీద బాణాలు గురిపెడుతుండగా ఆయన అటుగా వచ్చారు. ఆయనను చూడగానే వారు చెదిరిపోయారు. ప్రాణమున్న దాన్ని గురి పలకగా చేసుకునేవారిని దైవప్రవక్త (సఅసం) శపించారని ఆయన వారికి తెలిపారు. లోకం పన్నెండు వందల ఏళ్ళ తర్వాత పావురానికి బదులు మట్టి బిళ్ళను ఎంచుకుంది. కనుక మొదటి సందేహం తీరింది: ఈ ఆటలో ఏ ప్రాణికీ హింస లేదు.

మరో విషయం కూడా నాకు నచ్చింది. తన స్థానంలో నిలబడి తన వంతు వచ్చేవరకు ఎవరూ తుపాకి మూయరాదు. మిగతా సమయమంతా అది తెరిచి, ఖాళీగా ఉండాలి. ఈ నియమం తప్పినవారిని, వారు ఎంత గొప్ప గురిగాళ్ళయినా, మైదానం నుంచి పంపించివేస్తారు. మస్జిదులోనో బజారులోనో బాణాలతో నడిచేవాడు ఎవరికీ గాయం కాకుండా వాటి మొనలు పట్టుకొని నడవాలని బోధించిన ప్రవక్త (సఅసం) అనుచర సమాజానికి ఈ నియమం పరాయిది కాదు.

ఇక అసలు ప్రశ్న, హ్యాండిక్యాప్. పెద్ద పోటీల్లో దాన్ని గజాలలో లెక్కిస్తారు. కొత్తవాడు దగ్గరగా నిలబడతాడు. బాగా కాల్చి గెలుస్తున్న కొద్దీ అతణ్ణి వెనక్కి జరుపుతూ పోతారు. అమెరికా నియమాల ప్రకారం గరిష్ఠ దూరం 27 గజాలు. వెనక్కి జరిగే ప్రతి గజానికీ బిళ్ళ మరికొంత దూరమవుతుంది, సీసపు గుళ్ళు మరింత చెదిరిపోతాయి. అంటే నైపుణ్యం పెరిగినవాడి మీద బరువు పెరుగుతుందన్నమాట. ఒలింపిక్ ట్రాప్‌లో ఈ ఏర్పాటు లేదు. మన హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత కాంస్యం, జట్టుతో కలిసి స్వర్ణం గెలిచింది అందరికీ ఒకే దూరం ఉండే పోటీలోనే.

ఊళ్ళలో జరిగే చిన్న లీగ్‌లలో గజాలకు బదులు తరచుగా పాయింట్లు కలుపుతారు. దాని లెక్క ఇలా ఉంటుంది. ఒకరి సగటు 25కు 20, లోటు 5. మరొకరి సగటు 15, లోటు 10. ఈ లోటులో నూటికి ఎనభై వంతులు కలపాలని లీగ్ నియమం పెట్టుకుందనుకుందాం. అప్పుడు మొదటివారికి 4, రెండోవారికి 8 పాయింట్లు కలుస్తాయి. ఇద్దరూ తమ సగటు మేరకే కాలిస్తే 24, 23 వస్తాయి. నైపుణ్యం గలవారే ఒక పాయింటుతో ముందుంటారు. రెండోవారు ఆ రోజు శ్రమించి 17 కొడితే 25 వస్తాయి, అప్పుడు గెలుపు వారిది. లోటు మొత్తం కలిపితే ఇద్దరూ 25 దగ్గర సమానమవుతారు. అప్పుడు ఏళ్ళ తరబడి సంపాదించిన నైపుణ్యానికి విలువే ఉండదు. అసలేమీ కలపకపోతే కొత్తవాడు రెండో వారానికే ఇంటి దారి పడతాడు. ఎనభై వంతుల నియమంలో ఉన్న వివేకం ఇదే. నేర్చినవాడి గౌరవం నిలుస్తుంది, నేర్చుకుంటున్నవాడి ఆశా నిలుస్తుంది.

ఈ ఆలోచనకు దగ్గర పోలిక మనకు మదీనాలో కనిపిస్తుంది. దైవప్రవక్త (సఅసం) గుర్రప్పందేలు నిర్వహించినప్పుడు, పందేనికి ప్రత్యేకంగా తయారు చేసిన గుర్రాలను హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా వరకు పరుగెత్తించారు. అలా తయారు చేయని గుర్రాలను సనియ్యతుల్ వదా నుంచి బనూ జురైఖ్ మస్జిదు వరకు మాత్రమే పరుగెత్తించారు. మొదటిది ఐదారు మైళ్ళ దూరమనీ, రెండోది ఒక మైలేననీ హదీసు ఉల్లేఖకులు వివరించారు. ఆ పందెంలో హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) కూడా పాల్గొన్నారు. తయారీ లేని గుర్రాన్ని తయారీ ఉన్న దానితో సమానంగా పరుగెత్తించలేదు. అలాగని దాన్ని పక్కన పెట్టనూ లేదు. దాని శక్తికి తగిన దూరం దానికి ఇచ్చారు.

అయితే ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అవి వేర్వేరు తరగతుల పందేలు. ఒకే పందెంలో ఒకదానికి ఇచ్చిన వెసులుబాటు కాదు. ఇబ్నె ఖుదామా (రహ్మలై) తన ‘అల్ ముగ్నీ’ గ్రంథంలో విలువిద్య పోటీని చర్చిస్తూ, పోటీదారులిద్దరికీ బాణాల సంఖ్య మొదలుకొని అన్ని షరతులూ సమానంగా ఉండాలన్నారు. ఎవరి నైపుణ్యం ఎంతో తెలుసుకోవడమే అక్కడి ఉద్దేశమని కారణం చెప్పారు. దీన్ని నేను అర్థం చేసుకున్నది ఇలా: ఎవరు శ్రేష్ఠులో తేల్చి బహుమతి ఇవ్వదలిస్తే అందరికీ ఒకే దూరం ఉండాలి. అందరినీ అభ్యాసానికి రప్పించి, స్నేహం పెంచడమే ఉద్దేశమైతే హ్యాండిక్యాప్‌కు చోటుంది. ఒకదాని కొలతను మరొకదానికి వాడినప్పుడే అన్యాయం మొదలవుతుంది.

హ్యాండిక్యాప్‌కు ఒక బలహీనత ఉంది. అది పూర్తిగా మనిషి నిజాయితీ మీద ఆధారపడుతుంది. పైన చెప్పిన ఉదాహరణలో 20 కొట్టగలిగినవాడు మొదటి వారాల్లో కావాలనే గురి తప్పించి 15 దగ్గర ఆగిపోయాడనుకోండి. అతడికి 8 పాయింట్లు రాసిస్తారు. ఆ తర్వాత తన అసలు శక్తితో 20 కొడితే మొత్తం 28 అవుతుంది. 25 బిళ్ళలే ఉన్న ఆటలో 28! దీన్ని అడ్డుకోవడానికి కొన్ని లీగ్‌లు మొత్తం 25 దాటకూడదంటాయి; కొన్ని ప్రతి వారం సగటును తిరిగి లెక్కిస్తాయి. కానీ గురి తప్పిందా, తప్పించాడా అన్నది ఏ లెక్కకూ అందదు. అది ఆ మనిషికీ, అతడి ప్రభువుకూ మాత్రమే తెలుసు.

ఈ రోగం తుపాకి మైదానాల్లోనే ఉందనుకోకండి. హిఫ్జ్ తరగతిలో ప్రతి పిల్లవాడికీ రోజూ కొత్తగా కంఠస్థం చేయవలసిన భాగం ఉంటుంది. దాన్ని ‘సబఖ్’ అంటాం. విచిత్రమేమిటంటే, హదీసు గ్రంథాల్లో పందెపు బహుమతికి వాడిన అరబీ పదానికీ ఇవే అక్షరాలు. మా దగ్గర ఒకరి సబఖ్ ఒక పుట, మరొకరిది మూడు పంక్తులు. వార్షిక జల్సాలో రెండు బహుమతులు ఇస్తాం. ఒకటి తప్పులు లేకుండా అత్యధికంగా వినిపించిన వాడికి. రెండోది తన సబఖ్‌ను అందరికంటే ఎక్కువగా మించిన వాడికి.

ఒక సంవత్సరం ఒక చురుకైన పిల్లవాడు చేరాడు. మొదటి పదిహేను రోజులు నాలుగు పంక్తులకు మించి వినిపించలేదు. కానీ మగ్రిబ్ తర్వాత తోటి పిల్లలకు అర పుట చూడకుండా చెబుతుండగా నేను విన్నాను. అతణ్ణి పక్కకు పిలిచి అడిగాను. కాసేపు తల వంచుకొని, “హజ్రత్, సబఖ్ తక్కువగా రాస్తే జల్సాలో రెండో బహుమతి నాకే వస్తుందనుకున్నాను” అన్నాడు. నేను కోప్పడలేదు. “బేటా, నీ పక్కన మూడు పంక్తుల కోసం ఫజ్ర్‌కు ముందే లేచి కూర్చునే పిల్లవాడున్నాడు. ఆ రెండో బహుమతి అతడి కోసం పెట్టింది. నువ్వు తీసుకోవాలనుకున్నది నా దగ్గర నుంచి కాదు, అతడి దగ్గర నుంచి” అన్నాను. మర్నాడు అతడు అడగకుండానే ఒక పుట వినిపించాడు. బలహీనుడి కోసం పెట్టిన వెసులుబాటును బలవంతుడు వాడుకుంటే నష్టపోయేది నియమం పెట్టినవాడు కాదు, ఆ బలహీనుడే.

ఇక సొమ్ము సంగతి. బిళ్ళలకూ, మైదానం నిర్వహణకూ చెల్లించే రుసుము సేవకు ఇచ్చే మూల్యం. దానికి అభ్యంతరం లేదు. క్లబ్బుగానీ, ఆటలో పాల్గొనని మరెవరైనాగానీ తమ వైపు నుంచి బహుమతి ఇస్తే అదీ ధర్మసమ్మతమే. కానీ ఆడేవారంతా తలా కొంత వేసి, ఓడినవారి సొమ్ము గెలిచినవారికి పోయే ఏర్పాటు హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జూదమే. ఇద్దరూ పందెం ఒడ్డినప్పుడు, ఏమీ ఒడ్డని మూడో పోటీదారుడు మధ్యలో ఉండాలనీ, అతడు వారితో నిజంగా పోటీపడగల సత్తా ఉన్నవాడై ఉండాలనీ ఫుఖహాలు షరతు విధించారు. పేరుకు మాత్రమే నిలబెట్టిన మూడోవాడితో జూదం హలాల్ కాదు.

మా మేనల్లుడికి నేను రాసిన సమాధానం క్లుప్తంగా ఇది: “వెళ్ళు, నేర్చుకో. నీకు కలిపే పాయింట్లు తీసుకోవడంలో సిగ్గుపడవద్దు; అవి నీకు ఇచ్చిన గడువు, నీ ఘనత కాదు. మొదటి రోజు నుంచే నీ పూర్తి శక్తితో కాల్చు. ఉమ్మడి సొమ్ములో మాత్రం చేరవద్దు. రుసుము కట్టి ఆడతానని మర్యాదగా చెప్పు. అక్కడి విశ్వసనీయులైన ఆలిములను కూడా సంప్రదించు.” లీగ్ నిర్వాహకులు వెంటనే ఒప్పుకున్నారట. ఆ ఉమ్మడి సొమ్ములో ఇష్టమున్నవారే చేరతారనీ, అది వేరే లెక్క అనీ చెప్పారట.

సోదర సోదరీమణులారా! మన ఇళ్ళలోనూ ఇలాంటి కొలతలు రోజూ జరుగుతుంటాయి. ఒక బిడ్డకు తొంభై మార్కులు సులువు, మరో బిడ్డకు యాభై కూడా కొండంత శ్రమ. ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి పోల్చే ముందు ఎవరెన్ని గజాల దూరంలో నిలబడి ఉన్నారో చూడండి. అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం మోపడు. అదే సమయంలో, శక్తి ఉండి లేనట్టు నటించేవారి అంతరంగం కూడా ఆయనకు తెలుసు. బలహీనులకు వెసులుబాటు ఇచ్చే ఉదార హృదయాన్నీ, ఆ వెసులుబాటును దుర్వినియోగం చేయని నిజాయితీనీ అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.