మంచు పడని ఊళ్ళో కూలెంటెందుకు?

కూలెంటుకి చలిదేశాల్లో యాంటీఫ్రీజ్ అని పేరు. మన కొంప ముంచింది ఆ పేరే. రోహిణి కార్తెలో నెల్లూరులో గడ్డకట్టేదేముంది, నా మొహం! అందుకని మన మెకానిక్కులూ పాత కార్ల ఓనర్లూ కలిసి ఒక తీర్మానం చేసేసుకున్నారు: చలి లేదు, కాబట్టి నీళ్ళు చాలు. నేననేది ఏంటంటే, మనకి కూలెంటు కావాల్సింది చలి వల్ల కాదు, మన నీళ్ళ వల్ల.

మాది మైపాడు వైపు, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. మా నాయన దగ్గర 2003 నాటి మారుతి 800 ఉంది. అమ్మని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి నెల్లూరు తీసుకెళ్ళేది ఆ బండే. కొత్తది కొందామంటే వినడు. పోయిన వేసవిలో ఇందుకూరుపేట దాటేసరికల్లా టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పోవడం మొదలైంది. పక్కకి ఆపడం, చల్లారేదాకా చెట్టు కింద కూర్చోవడం, సీసాడు బోరు నీళ్ళు పోసి మళ్ళీ బయల్దేరడం. మెమరీ లీక్ ఉన్న సర్వర్‌ని రోజూ రీస్టార్ట్ చేసుకుంటూ నెట్టుకొచ్చినట్టే. కాకపోతే సర్వర్ లోపల పేషెంట్ కూర్చుని ఉండదు.

మెకానిక్కు చెప్పిన వైద్యం: "థర్మోస్టాట్ పీకేద్దాం సామీ, అదే అడ్డం." వద్దన్నాను. థర్మోస్టాట్ లోపల మైనం ఉంటుంది. 80 డిగ్రీలు దాటాక అది కరిగి, వ్యాకోచించి వాల్వు తెరుస్తుంది. అది పట్టేసుంటే కొత్తది వేయాలి గానీ, పీకేస్తే ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. ఇది కంపైలర్ వార్నింగులు ఆఫ్ చేసే బాపతు.

అసలు దోషి ఎవరో తెలుసుకుందామని టీడీఎస్ మీటర్ తెప్పించి మా బోరు నీళ్ళలో పెట్టా. లీటరుకి 1900 మిల్లీగ్రాములు. తాగేనీటికి భారతీయ ప్రమాణం 500, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. మా తీరంలో ఇది వింతేం కాదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క బకింగ్‌హామ్ కాలువ, 1990ల నుంచీ రొయ్యల గుంటలు. తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో మంచినీళ్ళ బావులు ఉప్పగా మారడం గురించి కూడా ఉంది. సరే, అదో పెద్ద కథ.

లెక్క చూడండి. రోజు మార్చి రోజు అర లీటరు పోస్తే ఏడాదికి 90 లీటర్లు. నీళ్ళు ఆవిరై పోతాయి, లవణాలు పోవు. అంటే సుమారు 170 గ్రాముల ఉప్పూ సున్నమూ ఆ చిన్న ఇంజన్లో మిగిలిపోతాయి. పైగా కాల్షియం కార్బొనేట్‌ది తిక్క స్వభావం. పంచదారలాగా వేడికి ఎక్కువ కరగదు, వేడెక్కేకొద్దీ పేరుకుంటుంది. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే, అంటే సిలిండర్ హెడ్డు గోడలకి, పొరలాగా పడుతుంది. ఇక క్లోరైడు అల్యూమినియంని సూదిపోట్లలా తొలుస్తుంది.

"ఎన్నో ఏళ్ళుగా పోస్తుండాం, ఏమైంది?" అన్నాడు నాయన. నిజం చెప్పాలంటే ఆయన మాటలో న్యాయం ఉంది. వేడిని మోసే విషయంలో ఉత్త నీళ్ళే కూలెంటు కన్నా మెరుగు. కానీ తుప్పుని ఆపే మందులు నీళ్ళలో ఉండవు. మరిగే సంగతి కూడా ఉంది. సగం గ్లైకాల్ కలిపితే 107 డిగ్రీల దాకా మరగదు. పైన మూత 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే 125 ప్రాంతం దాకా ఆగుతుంది. అచ్చం వంటింట్లో కుక్కరే. మూత రబ్బరు ఎండిపోతే గాస్కెట్ పోయిన కుక్కరే.

ఫ్లషింగ్ ఒక ఆదివారమంతా పట్టింది. చల్లటి ఇంజను మీదే మొదలుపెట్టాలి, వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే మొహం కాలుద్ది. అడుగున ప్లగ్గు విప్పితే డికాషన్ రంగు నీళ్ళొచ్చాయి. ఆరో ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు తెప్పించి, కాస్త నిమ్మ ఉప్పు కలిపి నింపి, హీటర్ నాబ్ పూర్తి వేడి వైపు తిప్పి, పై గొట్టం వేడెక్కేదాకా ఇంజను ఆన్‌లో ఉంచి వదిలేయడం. నిమ్మ ఉప్పు ఎక్కువసేపు ఉంచకూడదు, అల్యూమినియంకి పడదు. తర్వాత ఉత్త మంచినీళ్ళతో ఇదే పని. ఆరో విడతకి తేటనీళ్ళొచ్చాయి.

తేటనీళ్ళతో పాటు లీకూ వచ్చింది! ఇన్నాళ్ళూ రేడియేటర్ చిల్లుని ఆ చిలుమే మూసి ఉంచింది. ఒక బగ్గుని ఇంకో బగ్గు కాపాడుతూ ఉండటం మనకి కొత్తేం కాదుగా. రేడియేటర్, రెండు గొట్టాలు, థర్మోస్టాట్, మూత అన్నీ మార్చాం. పాత బండి ఫ్లష్ చేసేవాళ్ళు ఈ ఖర్చుకి ముందే సిద్ధపడాలి. మర్నాడు డయాలసిస్ ఉన్న రోజున మాత్రం మొదలుపెట్టొద్దు. మేం ఆ వారం ఆటో మాట్లాడుకున్నాం.

ఇంకో చిన్న కిటుకు. ఎంత వంపినా ఇంజను లోపల కొంత నీరు మిగిలిపోతుంది. అందుకని కలిపి అమ్మే కూలెంటు పోస్తే పలచబడిపోతుంది. మాన్యువల్‌లో మొత్తం ఎన్ని లీటర్లో చూసి, అందులో సగం చిక్కటి కూలెంటు ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. రంగు చూసి కొనకండి, రంగుకి ప్రమాణమేమీ లేదు. డబ్బా మీద ఐఎస్ 5759 ఉందో లేదో చూసుకోండి. మూత తెరిచే ఉంచి, పై గొట్టం పిసుకుతూ గాలి బుడగలు పోనివ్వాలి. మామూలు ఆకుపచ్చ రకమైతే రెండేళ్ళకోసారి మార్చాలి.

ఈ వేసవిలో ముల్లు సగం దాటలేదు. నాయన ఇప్పుడు డిక్కీలో డిస్టిల్డ్ వాటర్ సీసా పెట్టుకుంటున్నాడు, దాని మీద మార్కర్‌తో "తాగొద్దు" అని కూడా రాశాడు.

అన్నట్టు, కూలెంటు దించినప్పుడు పంట కాలవలో పారబోయకండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ గొడ్లూ నాకి చచ్చిపోతాయి.