చేసినవాళ్లే అమ్మాలి!

అమెరికాలో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు శాంటా ఫేలో 'ఇండియన్ నగలు' అన్న బోర్డు చూస్తే ఒక్క క్షణం ఆగాల్సిందే. తీరా లోపల కాసులపేర్లు ఉండవు. ఆకాశం రంగు టర్కాయిస్ రాళ్లు పొదిగిన వెండి ఉంటుంది. ఈ ఇండియన్లు వేరు... కొలంబస్ పొరబడి ఆ పేరు పెట్టిన అక్కడి మూలవాసులు!

న్యూమెక్సికో రాష్ట్రానికి రాజధాని శాంటా ఫే. ఊరి నడిబొడ్డున ప్లాజా. దాని పక్కనే, 1610 ప్రాంతంలో స్పెయిన్‌వాళ్లు మట్టితో కట్టిన గవర్నర్ల ప్యాలెస్. ఇప్పుడది మ్యూజియం. ముందు పొడవాటి వసారా. చూడాల్సిన బజారు అదే. ప్యూబ్లో, నవాహో తదితర తెగలవాళ్లు గోడకు చేరగిలబడి, నేలమీద గుడ్డ పరిచి సరుకు పెట్టుకుంటారు. ఎక్కువమంది వస్తే పొద్దున్నే లాటరీ తీసి చోటు ఇస్తారు.

ఇక్కడ నిబంధన ఒకటే గట్టిది. అమ్మే వస్తువు తమ చేత్తోనో, ఇంట్లోవాళ్ల చేత్తోనో చేసినదై ఉండాలి. దానిమీద చేసినవారి ముద్ర ఉండాలి. ఎందుకింత పట్టుదల? పోచంపల్లి పేరుతో ప్రింటు చీరలు అంటగట్టించుకున్నవాళ్లకు వేరే చెప్పాలా! నకిలీల బెడద అక్కడా ఉంది. ఇతరులు చేసినదాన్ని ఇండియన్ల పనితనమని అమ్మితే జైలుకు పంపేలా 1990లో చట్టమే తెచ్చారు. అమెరికా మూలవాసులు కానివాళ్లకు వసారాలో చోటివ్వకపోవడం వివక్ష అంటూ ఒకరు కోర్టుకెక్కినా, 1979లో తీర్పు మ్యూజియం వైపే వచ్చింది.

నగల్లో 'హేషీ' పూసల పేర్లు చూసితీరాలి. గవ్వల్ని చిన్న ముక్కలు చేసి, బెజ్జాలు వేసి, దారానికి గుచ్చి, అన్నీ ఒక్క తీరుగా గుండ్రంగా వచ్చేదాకా రాతిమీద అరగదీస్తారు. సన్నటి పేరు వెనక ఎన్ని గంటల పనో. నల్ల కుండల కథ మనవాళ్లకు ఇంకా దగ్గర. సారె లేకుండా మట్టిని తాళ్లలా చుట్టి కట్టి, నున్నటి రాయితో మెరుగుపెట్టి, పిడకల మంటలో కాలుస్తారు. మధ్యలో పేడపొడి కప్పి పొగ బయటికి పోకుండా ఆపుతారు. ఎర్రమట్టి కాస్తా అద్దంలాంటి నలుపు తేలుతుంది. శాన్ ఇల్డెఫాన్సో ఊరి మరియా మార్టినెజ్ (1980లో కన్నుమూశారు) ఈ పనికి ప్రపంచఖ్యాతి తెచ్చారు.

ధరలు తక్కువేం కాదు. డాలర్లను రూపాయల్లోకి మార్చి గుండె బాదుకునేవాళ్లు పక్క దుకాణాలకు వెళ్తారు. సగానికి సగం బేరమాడితే మాత్రం అమ్మేవాళ్లు నొచ్చుకుంటారు. మధ్యలో వ్యాపారి లేడు మరి. ఫొటోకీ ముందు అడగాలి.

1680లో ఈ తెగల పూర్వీకులు తిరగబడి స్పెయిన్‌వాళ్లను తరిమేసి ఇదే ప్యాలెస్‌ను పన్నెండేళ్లు తమ చేతుల్లో ఉంచుకున్నారు. ఆ గోడకే ఇప్పుడు వాళ్ల మనవల మనవరాళ్లు ఆనుకుని కూర్చుంటారు. గాజు నచ్చిందంటే చాలు, వెనక్కి తిప్పి ముద్ర చూపిస్తారు.