పెదవి మీద పది రోజులు

కాలికి పుండైతే చెప్పు తొడుక్కుంటాం. చేతికైతే కొంగు కప్పుకుంటాం. పెదవి మీద పొక్కు లేస్తే ఏం చేస్తాం? మాట్లాడాలి, తినాలి, నవ్వాలి. మనం మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళు చూసేదీ అటువైపే. ఉండేది కందిగింజంత... అద్దంలో చూసుకుంటే మాత్రం ముఖమంతా అదే ఉన్నట్టుంటుంది!

ఒకసారి వచ్చి పోయేదైతే దాని గురించి రాసే పనే లేదు. అది వచ్చిన చోటికే మళ్ళీ మళ్ళీ వస్తుంది. పెళ్ళికి ముందురోజు, పరీక్ష ముందు రాత్రి, జ్వరం తగ్గి హమ్మయ్య అనుకున్న పొద్దున. క్యాలెండర్ చూసుకుని వస్తుందా అనిపిస్తుంది. నాకు పదో తరగతి నుంచీ ఉంది. ఇప్పుడు ముప్పయ్యో పడి సగం దాటింది. ఏటా రెండుమూడుసార్లు, వచ్చినప్పుడల్లా పది రోజులు. కూడితే ఏడాదికి పైనే దానితో కాపురం చేశాను.

మాది రామన్నపేట. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. మా దగ్గర ఈ పొక్కుకు చాలా పేర్లున్నాయి. జ్వరం వెనకాల వస్తే ‘జరం పేలింది’ అంటారు. జ్వరం లేకుండా వస్తే ‘రాత్రి నిద్రల బల్లి పారిందేమో’ అంటారు. కొందరు నేరం సాలెపురుగు మీదికి తోస్తారు. ‘సర్పి’ అనేవాళ్ళూ ఉన్నారు. మా నానమ్మ నెయ్యిలో పసుపు కలిపి రాసేది. పక్కింటి పెద్దమ్మ సున్నం పెట్టమనేది. బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి పళ్ళ పేస్టు రాసుకోమంది. పది రోజులకు తగ్గేది. ఎవరికి వాళ్ళు తమ మందే పనిచేసిందని సంబరపడేవారు. ఏమీ రాయకపోయినా సాధారణంగా అది పది రోజులకు తగ్గేదేనన్న సంగతి మాకెవరికీ తెలియదు.

బల్లి తప్పేం లేదు!

ఇందులో బల్లికి గానీ, సాలెపురుగుకు గానీ ప్రమేయం లేదు. హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ ఒకటో రకం దీనికి కారణం. మనలో ఎక్కువమందికి ఇది పసితనంలోనే అంటుకుంటుంది. ముద్దొచ్చి ముఖం నిండా ముద్దులు పెట్టిన అమ్మమ్మ నుంచో, ఎంగిలి పంచుకున్న అన్న నుంచో వస్తుంది. మొదటిసారి కొందరికి జ్వరం, నోటి నిండా పుండ్లు. చాలామందికి వచ్చిన సంగతే తెలియదు. ఆ తర్వాత వైరస్ ఒంట్లోంచి పోదు. ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో, చెవికి కొంచెం ముందు పుర్రె లోపల, చప్పుడు చేయకుండా పడుకుంటుంది. జ్వరం, నిద్రలేమి, ఎండ, మనోవేదన, ఆడవాళ్ళలో నెలసరి... వీటిలో ఏదో ఒకటి దాన్ని నిద్ర లేపుతుంది. అప్పుడు అదే నరం వెంట నడుచుకుంటూ పెదవి దాకా వస్తుంది. ప్రతిసారీ అదే చోట ఎందుకు లేస్తుందంటే, దారి అదే కాబట్టి.

గ్రీకు భాషలో ‘హెర్పిస్’ అంటే పాకేది. మన ‘సర్పి’ కూడా సంస్కృతంలో పాకడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందే. ఆ రెండు మాటలకూ మూలం ఒకటే! అయితే సర్పి అని మనం పిలిచేవన్నీ ఇదే కాదు. నడుముకు ఒక పక్కన మంటతో బారుగా లేచేది అమ్మవారు పోయించే వైరస్ పని. అది వేరు, దీని సంగతి వేరు.

ఎంతమందికి ఉంటుందంటారా? ప్రపంచంలో యాభై ఏళ్ళలోపు వాళ్ళలో 64 శాతం మందికి, అంటే దాదాపు 380 కోట్ల మందికి ఈ ఒకటో రకం వైరస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళలో అందరికీ పొక్కులు రావు. వచ్చేవాళ్ళం మాత్రం మనకొక్కరికే వచ్చిందనుకుని కుమిలిపోతాం.

మందుచీటీ మడతపెట్టి...

నొప్పి రెండు రోజులే. అసలు బాధ చూపులది. ఇరవై మూడేళ్ళప్పుడు నన్ను చూసుకోవడానికి ఒక సంబంధంవాళ్ళు వచ్చారు. సరిగ్గా ఆ రోజే పెదవి పేలింది. అమ్మ పౌడరు దట్టించింది. దాంతో అది ఇంకా తెల్లగా, ఎత్తుగా కనిపించింది. వచ్చినవాళ్ళలో ఒకావిడ టీ తాగుతూ అక్కడే చూస్తూ, ‘పిల్లకు తోలు రోగమేమన్న ఉన్నదా?’ అని అడిగింది. ‘లేదు వదినా, జరం పేలింది, గంతే’ అంది అమ్మ. ఆ సంబంధం కుదరలేదు. కట్నం దగ్గర ఆగిందో, పొక్కు దగ్గర ఆగిందో ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి మాత్రం అమ్మా నేనూ దాని గురించి మాట్లాడుకోకుండా పడుకున్నాం.

తర్వాత కొన్నాళ్ళకు చర్మ డాక్టర్ దగ్గరికి వెళితే చీటీ మీద ‘హెర్పిస్’ అని రాశారు. ఆ మాట చదవగానే ఒళ్ళు చల్లబడింది. సినిమాల్లో, జోకుల్లో ఆ మాటకు ఉన్న అర్థం వేరు కదా! చీటీ నాలుగు మడతలు పెట్టి మెడికల్ షాపులో ఇచ్చాను. డాక్టరమ్మ విడమరచి చెప్పిన సంగతి ఇది... లైంగిక సంబంధంతో ఎక్కువగా వచ్చేది రెండో రకం. ఒకటో రకం కూడా ఆ దారిన సోకవచ్చు. కానీ పెదవి మీద పొక్కు వచ్చే చాలామందికి అది ఊహ తెలియని వయసులో, ఇంట్లోవాళ్ళ ముద్దు వల్ల వచ్చిందే. పొక్కును చూసి మనిషి నడవడిని లెక్కగట్టడానికి వీల్లేదు.

నల్లగొండవాళ్ళకు ఈ నోటి సిగ్గు కొత్త కాదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవాళ్ళు అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం చూస్తూ పెరిగాం. ఆ మరకలు వాళ్ళు చేసుకున్నవి కావు, బావి ఇచ్చినవి. అయినా దాచుకున్నది వాళ్ళే. 2020లో కరోనా వచ్చి అందరి మూతికీ మాస్కు కట్టినప్పుడు, నాకు రెండుసార్లు పేలితే ఆఫీసులో ఒక్కరూ కనిపెట్టలేదు. నిజం చెప్పాలంటే, లోకమంతా భయపడుతున్న రోజుల్లో నాకు ఆ ఒక్క విషయంలో ప్రాణం హాయిగా ఉంది. పెదవికి ఒక గుడ్డముక్క అడ్డం దొరికితే ఇంత నిశ్చింతా అని నాకే ఆశ్చర్యం వేసింది.

తొట్టెల రోజు

దాచుకోవడం కుదరని రోజు ఒకటి వచ్చింది. తమ్ముడికి కూతురు పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల. మా ఇళ్ళల్లో ఆ రోజు పెద్దరికమంతా మేనత్తదే. పాపను ఒళ్ళోకి తీసుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, మూడుసార్లు పేరు పిలవాలి. ముందురోజు సాయంత్రం రామన్నపేట స్టేషన్లో రైలు దిగుతుంటేనే పెదవి కుడి అంచున చిమచిమలాడింది. తెల్లారేసరికి నాలుగు నీటి పొక్కులు.

పెద్దవాళ్ళకు పది రోజుల చికాకైన ఈ వైరస్ నెల నిండని పసిగుడ్డుకు ప్రాణం మీదికి తెస్తుంది. మెదడుకు, కాలేయానికి పాకవచ్చు. ముఖ్యంగా మొదటి ఆరు వారాలు గండం. ఆరోగ్యం పేజీ కోసం డాక్టర్లతో మాట్లాడిన రోజుల నుంచీ ఈ సంగతి నాకు గుర్తుంది. చుట్టాలు దిగుతున్నారు. వాకిట్లో టెంటు వేశారు. వంటశాలలో అమ్మను, మరదలిని పక్కకు పిలిచి చెప్పాను. ‘నేను పాపను ఎత్తుకోను. పేరు కూడా పిలవను. ఇది అంటుకుంటది.’

అమ్మ ముఖం మాడిపోయింది. ‘ఆడిబిడ్డ పేరు పిలువకుంటే నలుగురు ఏమనుకుంటరే?’ అంది. మా చిన్నమ్మయితే, ‘మాకందరికి పేలలేదా, మేం పిల్లల్ని ఎత్తుకోలేదా’ అని కోప్పడింది. మరదలు మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. పాపను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. ఆ పొదువుకోవడం చూసి నాకు ఒక్క క్షణం గుచ్చుకున్నట్టయింది. మరుక్షణం ధైర్యం వచ్చింది. తల్లి చేయాల్సింది అదే కదా!

చివరికి మా పెదనాన్న కూతురు, వరసకు ఆమే మేనత్తే, పేరు పిలిచింది. నేను చేతులు సబ్బుతో కడుక్కుని, దూరంగా నిలబడి తొట్టెల తాడు లాగాను. అడిగినవాళ్ళకు ‘పెదవి పేలింది, పసిపిల్లకు మంచిది కాదట’ అని చెప్పాను. పదిమందికి చెప్పేసరికి మొదటిసారి ఉన్న వణుకు పోయింది. భోజనాల దగ్గర మా దూరపు చుట్టం ఒకామె పక్కన కూర్చుని, ‘నాకు గూడ వస్తది బిడ్డా. ఎవరికి చెప్పలే. ఏం రాస్తవు నువ్వు?’ అని మెల్లగా అడిగింది.

ఏం చేయాలంటే...

ఆమెకు చెప్పినవే ఇక్కడా చెబుతున్నాను. పొక్కు లేవడానికి ముందు కొన్ని గంటలు, ఒక్కోసారి రోజంతా, అక్కడ చిమచిమ, దురద, మంట ఉంటాయి. మందుకు అదే అదను. ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంటు రోజుకు ఐదుసార్లు, నాలుగైదు రోజులు రాయాలి. అద్భుతాలు జరగవు, మహా అయితే ఒక రోజు ముందు తగ్గుతుంది. మాత్రలు దానికన్నా బాగా పనిచేస్తాయి, కానీ డాక్టర్ చెబితేనే వేసుకోవాలి. ఏడాదికి ఆరుసార్లకు మించి వచ్చేవాళ్ళకు కొన్ని నెలలపాటు రోజూ మాత్ర ఇచ్చే పద్ధతీ ఉంది.

ఈ మందును 1970ల్లో అమెరికాలో గెర్ట్రూడ్ ఎలియన్ బృందం తయారుచేసింది. వైరస్ సోకిన కణంలోనే ఎక్కువగా పనిచేయడం దీని ప్రత్యేకత. ఎలియన్‌కు, ఆమె సహచరుడు జార్జ్ హిచింగ్స్‌కు, జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. హిచింగ్స్ కుర్రవాడిగా హార్వర్డ్‌లో పరిశోధన చేసింది సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసిందీ అక్కడే!

చేయకూడనివి కూడా ఉన్నాయి. సున్నం, పేస్టు వద్దు, చర్మం కాలుతుంది. దురదకని మెడికల్ షాపులో ఇచ్చే స్టీరాయిడ్ క్రీము సొంతంగా రాయొద్దు, వైరస్ ఇంకా చెలరేగవచ్చు. పొక్కు గిల్లి ఆ చేత్తో కన్ను నలపొద్దు. కంటి నల్లగుడ్డుకు సోకితే చూపు పోయే ప్రమాదం ఉంది. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతే ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. పొక్కు మాని పెచ్చు రాలేదాకా ముద్దులు, ఎంగిలి గ్లాసులు, తువ్వాలు పంచుకోవడం మానాలి. ఎండకు పేలేవాళ్ళు టోపీ, సన్‌స్క్రీన్ ఉన్న లిప్‌బామ్ వాడితే కొంత నయం.

మూతి మూలలు పగిలితే అది వేరే సంగతి, బి కాంప్లెక్స్ లోపం వల్ల కావచ్చు. నోటి లోపల పూసే తెల్లటి పుండ్లు కూడా వేరే, అవి అంటుకోవు. రెండు వారాలైనా మానకపోయినా, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకు వచ్చినా ఆలస్యం చేయొద్దు. ఇప్పుడు మా ఊరివాళ్ళకు బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, రైలెక్కితే దారిలోనే.

మొన్న మార్చిలో అక్క కూతురు రాత్రి పదింటికి ఫోన్ చేసింది. పదో తరగతి పరీక్షలు. ‘చిన్నమ్మా, పెదవి చిమచిమ అంటున్నది. రేపు మ్యాథ్స్’ అంది. ట్యూబు ఎక్కడుందో చెప్పి, రాసుకుని పడుకోమన్నాను. ‘రేపు ఎవరన్న అడిగితే?’ అంది. ‘పేలింది, పది రోజుల్ల పోతది అను’ అన్నాను. మర్నాడు సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసింది. పేపర్ ఎట్లా వచ్చిందో అరగంట చెప్పింది. ఆఖరి లెక్క తప్పిందట. పెదవి ఊసే ఎత్తలేదు. నేనూ అడగలేదు.