గవర్నరు దగ్గర తోలుముక్క

మా చిన్నాయన ఏం పని చేస్తాడని ఎవరడిగినా ఊళ్ళోవాళ్ళు "చెప్పులు కుడతాడు" అనే చెప్పేవాళ్ళు. కుట్టేవాడు, నిజమే. దాంట్లో సిగ్గుపడేదేం లేదు. కానీ తెనాలి పక్కన మా నాలుగూళ్ళలో గ్రాంఫోను పెట్టె మొరాయిస్తే బాగుచేసేదీ ఆయనే. ఈ రెండో సంగతి ఎవరి నోటా వచ్చేది కాదు. మాదిగోడు మెకానిక్కంటే వాళ్ళకి మింగుడుపడదు. మన మీటింగుల్లో కూడా వృత్తులనంగానే డప్పూ చెప్పూ మాట్లాడుకుంటాం. స్క్రూడ్రైవరు సంగతి కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని ఇది రాస్తన్నా.

పని నేర్పింది తెనాలిలో మైకుసెట్టు షాపు సాయిబు. పక్కన కూర్చోబెట్టుకొని నేర్పాడు, తన కంచంలోదే పెట్టాడు. చిన్నాయన చివరిదాకా చెప్పుకున్న మాట అది.

1960ల చివర్లో నేను సంచి మోసేవాణ్ణి. కీ ఇచ్చే పెట్టెల్లో గుండెకాయ స్ప్రింగు. డబ్బాలో చుట్టలు చుట్టుకున్న ఉక్కు రేకు అది. గ్రీజు ఎండి చుట్టలు అంటుకపోతే పాట మధ్యలో ధబ్‌మని అదురుద్ది. విప్పేముందు కీ మొత్తం దిగిపోవాలి. లేకుంటే రేకు విసురుగా బయటికొచ్చి వేళ్ళు తెగ్గోసుద్ది. నన్ను దూరంగా నిలబెట్టి తర్వాతే డబ్బా మూత తీసేవాడు. సౌండుబాక్సు జీరగా పలికితే రేకు చుట్టూ రబ్బరు ఎండిందన్నమాట. దానికి సైకిలు వాల్వు ట్యూబు సన్నంగా కోసి వేసేవాడు. ముల్లు మార్చకుండా పది పాటలేసేవాళ్ళని మాత్రం తిట్టుకునేవాడు. ఇనప ముల్లు ఒక పక్క పాడేసరికే అరిగిపోద్ది, ఆ తర్వాత గీతల్ని తవ్వుతా పోద్ది.

అసలు కిటుకు గవర్నరు. కీ నిండా ఇచ్చినప్పుడు స్ప్రింగు బలం ఎక్కువ, చివరికొచ్చేసరికి తక్కువ. ప్లేటు మాత్రం నిమిషానికి 78 చుట్లే తిరగాలి. సన్నటి ఇరుసు చుట్టూ మూడు గుండ్లు రేకులకి బిగించి ఉంటాయి. వేగం పెరిగితే గుండ్లు విచ్చుకుంటాయి, వాటితో ఒక బిళ్ళ జరిగి మెత్తటి ముక్కకి రాసుకుంటది. ఆ రాపిడే బ్రేకు. ఆ ముక్క కొన్నిట్లో ఫెల్టు, కొన్నిట్లో తోలు. నూనె ఆరితే కీచుమంటది, పాట వణుకుద్ది. చిన్నాయన సంచిలో మేకతోలు ముక్కలుండేయి. మా తాత లందలో తంగేడు చెక్కతో ఊరబెట్టిన తోలు. గోరంత కోసి, మిషను నూనెలో నానబెట్టి బిగించేవాడు.

ఒక ఆసామి ఇంట్లో ఇట్టాగే పని. "ఒరే, అరుగెక్కబాకు. పెట్టె గొడ్లసావిట్లోకి తెప్పిస్తా" అన్నాడు. బాగుచేసినాక ప్లేటు కింద కాయితం ముక్క దోపి చుట్లు లెక్కబెట్టడం నా పని. గడియారం మాకెక్కడిది? ఆసామి కొడుకు వాచీ చూసి "ఆపు" అనేవాడు. సరిగ్గా 78. అప్పుడు ఆసామి పెళ్ళాం పసుపునీళ్ళ చెంబుతో వచ్చింది. చిన్నాయన చెయ్యి అడ్డంపెట్టి, "అమ్మా, చెక్క మీద చల్లుకోండి. మిషను మీద చల్లబాకండి, తుప్పుపడద్ది" అన్నాడు. ఆమె చల్లింది. పెట్టె లోపలికిపోయింది, మా తోలుముక్కతో సహా.

కూలి అడిగితే ఆసామి, "మేర కొలుస్తన్నాం గదరా!" అన్నాడు.

"అయ్యా, మేర చెప్పులకి. ఇది మెకానిక్కు పని. తెనాల్లో అయిదు రూపాయలు."

ఇవ్వలేదు. ఆ తర్వాత రెండు నెలలు మమ్మల్ని ఏ ఇంటికీ పిలవలేదు. ఆ ఏడు కోతలప్పుడు మేర కూడా తగ్గించి కొలిచారు. మా చిన్నమ్మ, "ఎందుకయ్యా నీకీ పంతం, పిల్లలు పస్తులుంటన్నారు" అని ఏడ్చింది. చిన్నాయన పలకలేదు. సంక్రాంతి ముందు వాళ్ళ స్ప్రింగు తెగింది. కబురొచ్చింది. ఈసారి డబ్బులు చేతిలో పడ్డాకే స్క్రూ విప్పాడు.

కరెంటు పెట్టెలొచ్చినాక జబ్బులు మారినయ్. మోటారుకీ ప్లేటు బల్లకీ నడుమ రబ్బరు చక్రం నున్నబడితే జారి పాట సాగుద్ది. స్పిరిట్టుతో తుడిచి సన్న గరుకు కాయితం తాకిస్తే పట్టు వస్తది. ఆ స్పిరిట్టు గుడ్డ పాత 78 ప్లేటుకి తగిలిందా, అంతే. అది లక్కతో చేసింది, కరిగిపోద్ది. గుయ్‌మని మోత వస్తే ఎర్తు తీగ ఊడిందేమో చూసుకోవాలి. కొన్ని పాత పెట్టెల్లో ముల్లు వెనక రోషెల్ ఉప్పు స్ఫటికం ఉండేది. తేమకీ వేడికీ చెడేది. మా డెల్టాలో రెండూ దండిగా ఉండేయి. దానికి మరమ్మతు లేదు, మార్చడమే.

నన్ను హైస్కూల్లో చేర్చేటప్పుడు తండ్రి లేడని చిన్నాయన వృత్తి అడిగారు. "మెకానిక్కు" అన్నాడు. పంతులు నవ్వి "చర్మకారుడు" అని రాశాడు. చిన్నాయన ఆ కాయితం మీద వేలిముద్ర వెయ్యలేదు. దిద్దిందాకా బల్లముందు నుంచి కదల్లేదు. ఎనకాల జనం వరస పెరిగింది. పంతులు విసుక్కుంటా కొట్టేసి రాశాడు. ఆ కొట్టివేత ఇప్పటికీ నా రికార్డులో ఉంది.

నేను ఐ.టి.ఐ. చదివి ఉద్యోగంలో పడ్డా. రిటైరైనాక పాత పెట్టెలు పట్టుకొని హైదరాబాదు నుంచి కూడా వస్తన్నారు. వాటిని యాంటిక్కులంటారు. మొన్న ఒకాయన పెట్టె విప్పితే గవర్నరు దగ్గర ముక్క ఎండి రాయైంది. చిన్నాయన సంచిలో తోలు ఇంకా మిగిలుంది. కోసి బిగించా. బిల్లు రాసిచ్చా. తోలుకి వేరే, పనికి వేరే.