స్కాట్లండు వీథిలో 44వ యిల్లు

ఎడింబరో నగరమునకు పోవు తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి పార్వతీశమే. మొగలితుఱ్ఱునుండి బయలుదేరిన ఆ బారిష్టరుగారు చదువునకై చేరిన యూరిదియే గదా యని మేమును మావారును రైలుబండిలో నవ్వుకొంటిమి. మా యాడుబిడ్డ కాపుర మిచటనే. గత వేసవిలో వారియింట మూడు వారము లుంటిమి. కొండపైని కోటను జూచితిమి, రాజభవనమును జూచితిమి. వానినిగూర్చి వ్రాసినవారు పెక్కుమంది గలరు. మేము సోదరీమణులకు చెప్పదలచినది యొక చిన్న వీథినిగూర్చియు, ఆ వీథిలో లేని యొక యింటినిగూర్చియు.

వీథి పేరు స్కాట్లండు వీథి. ఇంటి సంఖ్య 44. అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ అను నవలాకారుడు తన హాస్యనవలకు ఆ చిరునామానే పేరుగా పెట్టిరి. ఆయన యీ నగరపు విశ్వవిద్యాలయమునందే వైద్యసంబంధమైన న్యాయశాస్త్రమును బోధించిన యాచార్యులు. అమెరికాలో ఆర్మిస్టెడ్ మాపిన్ అను రచయిత శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికయందు అద్దెయింటివారి కథ నొకదానిని వరుసగా నడపియుండిరి. వారిని గలిసిన పిమ్మట ఈయనకు నట్టి తలంపు గలిగినది. 2004వ సంవత్సరమున 'స్కాట్స్‌మన్' దినపత్రికలో కథ మొదలాయెను. అంతయు ముందే వ్రాసిపెట్టుకొనక, ఒకవైపు అచ్చగుచుండగనే మఱియొకవైపు వ్రాయుచు పోయిరి. 110 ప్రకరణములైన పిదప 2005లో నది పుస్తకమాయెను. దాని వెంట మఱి పెక్కు సంపుటములు వచ్చినవి.

కథలో గొప్ప సంఘటనలు తక్కువ. ఒకే మెట్లవరుసపై వాటాలలో కాపురముండువారు, వారి యిరుగుపొరుగువారు, వారి ముచ్చటలు, అంతే. తన యందమును తానే అద్దమున జూచి మురియు నొక యువకుడు, అతని వాటాలో గది తీసికొన్న యొక చదువుకొను పిల్ల, ఎదుటి వాటాలో లోకమంతయు దిరిగివచ్చిన యొక విదుషి, చేరువ వీథిలో బంగారుపన్ను గల కుక్కను బెంచు నొక చిత్రకారుడు, కాఫీ యంగడి నడపుచు తత్త్వశాస్త్రము చదువు నొక యిల్లాలు. చదువుచుండగా మాకు రాజమహేంద్రవరమున మా పుట్టింటివారు అద్దెకున్న వాటాలయిల్లు కన్నులకు గట్టినది. నాలుగు వాటాలకు నొక్కటే నూయి. ఎవరింట నేమి పోపు వేసినను అందఱికి దెలియును. ఎవరింట పొయ్యి రాజలేదో అదియు దెలియును. ఇచట నూతికి బదులు రాతిమెట్లు. మెట్లు కడుగు వంతు వచ్చినవారి తలుపునకు నొక యట్టముక్క వ్రేలాడదీయుట ఈ దేశమున బహుకాలపు టాచారమట. చీపురు ముట్టకయే ఆ యట్టముక్కను ప్రక్కవారి తలుపునకు దగిలించు మహాతల్లులును ఉండెడివారట. విని మేము మిక్కిలి సంతోషించితిమి.

ఈ సంగతి మాకు జెప్పినది మా యాడుబిడ్డ క్రింది వాటాలోనున్న వృద్ధురాలు. ఆమె పూర్వము బడిలో నుపాధ్యాయిని. 2004లో ప్రతియుదయమును టీ చల్లాఱిపోవుచున్నను ముందు కథ చదివి, పిదప ఆ తునకను కత్తిరించి దూరదేశమున నున్న కూతునకు బంపెడిదట. "మీకెవరిపై మక్కువ?" యని యడిగితిమి. "ఇంకెవరు? బెర్టీ!" యని యామె చేతులు జోడించినంత పని చేసెను.

బెర్టీ యనువాడు ఆ యింటిలోని పసివాడు. కథ మొదలగునప్పటికి అయిదేండ్లు. వాని తల్లి ఐరీన్ వానిని మహామేధావిని జేయదలచినది. ఇటాలియను భాష, శాక్సఫోను వాద్యము, యోగాభ్యాసము, మనస్తత్వవైద్యుని దర్శనము; గదికి గులాబిరంగు, తొడుగుకొనుటకు గులాబిరంగు లాగు. వానికి గావలసినదో, చేపలు పట్టుట, స్నేహితులతో నాడుకొనుట, ఒక చిన్న చాకు. ఒకనాడు వాడు తండ్రి చదువుచున్న వార్తాపత్రికకు ఆయన చేతనుండగనే నిప్పంటించును. గ్రంథకర్త యెచటికి బోయినను పాఠకులు చుట్టుముట్టి, ఆ బిడ్డను విడిపింపుమని వేడుకొనుచుందురట. ఈ మాట వారే చెప్పియున్నారు. అయినను ఏండ్లు గడచినను బిడ్డ యెదుగడాయెను. వాని యేడవ పుట్టినదినము 2013లో వచ్చిన సంపుటమునగాని రాలేదు. "ఆ దినమున నేను నిజముగా మిఠాయి గొంటిని" అని వృద్ధురాలు చెప్పి కన్నులు తుడుచుకొన్నది. నవ్వువలననో, మఱి దేనివలననో తెలియదు.

ఇంతవఱకు సరదాయే. మఱునాటి రాత్రి భోజనములైన పిదప మేము పుస్తకము దెచ్చి తెలుగుచేసి చెప్పుచు చదువసాగితిమి. అద్దము ముందరి యువకునికి అందఱును నవ్విరి. బెర్టీ వంతు రాగానే మా యాడుబిడ్డ నవ్వు తగ్గినది. వార్తాపత్రికకు నిప్పు పెట్టిన ఘట్టమున అన్నయ్యగారు తాము చదువుచున్న పత్రికను మెల్లగా మడిచి ప్రక్కన బెట్టిరి. వారి కుమారునకు ఆఱేండ్లు. శనివారము వయొలిను, మంగళవారము ఈత, గురువారము లెక్కల తరగతి, ఆదివారము తెలుగు.

"వదినా, ఆ తల్లి చేసిన తప్పేమి?" అని ఆమె యడిగెను. "పరాయిదేశమున బిడ్డ దేనికిని వెనుకబడకూడదని కాదా యీ యాతన? ఊరంతయు నామెను జూచి నవ్వుదురు. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి మేల్కొన్నది ఆమెయే గదా."

మాకు వెంటనే బదులు తోచలేదు. ఐరీను దేశమునుండి వచ్చినది కాదు, స్వంత యూరిలోనే యున్నది, ఆమె చేయునది బిడ్డకొఱకు గాక తన పేరుకొఱకని చెప్పవచ్చును. కాని నిజము జెప్పవలెనన్న, ప్రతి యాదివారమును టెలిఫోనులో "అబ్బాయికి గుణింతములు వచ్చినవా?" యని గ్రుచ్చి గ్రుచ్చి యడుగుచు, పెద్దబాలశిక్షలు కట్టకట్టి పంపినది మేమే. ఇంకొకటి యా రాత్రియే మాకు దోచినది. చదివినవారందఱు తల్లిపై కత్తులు నూఱుదురు గాని, అన్నియు జూచుచు నోరెత్తని తండ్రి స్టూవర్టుపై ఆగ్రహించువారు అరుదు. వాని మంచితనమునకు జాలిపడుదురు. తరువాతి సంపుటములలో తల్లి అబర్డీనునకు చదువునకై పోవును. నాయనమ్మ వచ్చి పిల్లలను జూచును. పాఠకులు హాయిగా నూపిరి పీల్చుకొందురు. ఆ హాయి మాకు నిండుగా గలుగలేదు. గ్రంథకర్త యెంత దయగలవారైనను ఈ యొక్క పాత్రయెడ కొంచెము పిసినారితనము చూపిరని మా యభిప్రాయము. ఈ మాటకు క్రింది వాటా యావిడ యొప్పుకొనలేదు.

శనివారము ఉదయమున మా యాడుబిడ్డ వయొలిను పెట్టెను దీయలేదు. "ఆ వీథి చూతము రండు" అని యందఱిని బయలుదేరదీసెను.

డ్రమ్మండు ప్లేసు అను తోటచుట్టునుండి స్కాట్లండు వీథి ఉత్తరముగా పల్లమునకు దిగును. ఇరువైపుల ఎత్తైన రాతిమేడలు; నేల గూడ రాతిపఱపే. పిల్లవాడు తలుపుల సంఖ్యలు బిగ్గరగా జదువుచు ముందు పరుగిడెను. 44 లేదు. వీథి నిజము, ఆ సంఖ్య కల్పితము. ఈ సంగతి మాకు ముందే తెలిసినను, వానివెంట మేమును వెదకితిమి.

వీథి దిగువ నొక సొరంగమున్నది. 1847లో రైళ్లకై తెరచిరి. సుమారు వేయి గజముల పొడవున నగరము క్రిందుగా పోవును. వాలు మిక్కుటమగుటచే బండ్లను త్రాళ్లతో పైకి లాగెడివారు. 1868లో రైళ్లు నిలిచిపోయినవి. తరువాత అందులో పుట్టగొడుగులు పండించిరి. రెండవ మహాయుద్ధకాలమున జనులు బాంబులకు వెఱచి తల దాచుకొనిరి. ఇప్పుడు దాని నోటికి కటకటాలు. ఎదుట, పూర్వము సరకుల రైళ్లు నిలిచిన చోట, పిల్లల ఉయ్యెలలతో నొక తోట యున్నది. మేనల్లుడు కటకటాలకు జెవి యానించి చాలసేపు వినెను.

మా యాడుబిడ్డ గడియారము చూచుకొన్నది. తరగతి మొదలగుటకు ఇంకను ఇరువది నిముషములు. మరల చేయి కోటుజేబులో బెట్టుకొన్నది.

"వచ్చు శనివారము మాత్రము తప్పదు సుమా" అనెను.

వాడు తలయూపి, ఉయ్యెలవైపు రెండడుగులు వేసి, వెనుదిరిగి మా మొగము చూచెను.

"అత్తా, రేపటి తెలుగుపాఠము గూడనా?"

మీ అమ్మ నడుగుమంటిమి. మా యాడుబిడ్డ పకపక నవ్వినది.