తాత డోలు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?

కొత్త కంపెనీలో చేరేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అని ఒకటి ఉంటుంది కదా. ఎక్కడ చదివావ్, ఇంతకుముందు ఎక్కడ పనిచేశావ్, నీ గురించి చెప్పగలిగే ఇద్దరెవరు... ఫోన్లు చేసి మరీ అడుగుతారు. నేను రెండుసార్లు పాసయ్యాను. మూడోసారి మాత్రం మా ఊళ్లో, నెలకి కొన్ని వందలు ఫీజు తీసుకునే సంగీతం క్లాసులో ఫెయిలయ్యాను.

మా ఊరు ఏలూరు. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయితే, రెండు నెలలు ఇంటి నుంచి పనిచేస్తానని ఆఫీసులో చెప్పి గౌతమి ఎక్కేశాను. తెల్లారగట్ల దిగితే స్టేషన్ బయట టీ వాసన, దోమలు, కాలువ మీంచి వచ్చే చల్లగాలి. ఏలూరు గురించి బయటివాళ్లకి తెలియని సంగతొకటి చెప్తాను. గోదావరి నుంచి వచ్చే కాలువా, కృష్ణ నుంచి వచ్చే కాలువా మా ఊళ్లోనే కలుస్తాయి. చిన్నప్పుడు వంతెన మీద నిలబడి ఏ నీళ్లు ఏ నదివో కనిపెట్టాలని చూసేవాళ్లం. ఎప్పుడూ కనిపెట్టలేకపోయాం.

సాయంత్రాలు ఖాళీ. వయొలిన్ నేర్చుకుందాం అనిపించింది. మా ఇంటికి పది నిమిషాల దూరంలో రెండంతస్తుల పాత బిల్డింగ్ ఉంది. కింద పిల్లలకి కూచిపూడి, పైన నాలుగు గదుల్లో సంగీతం. ఊళ్లో వాళ్ల చందాలతో, పిల్లల ఫీజులతో నడుస్తుంది. వెళ్లి ఫారం నింపాను. చివర్లో ఒక గడి: ఇంట్లో ఎవరికైనా సంగీతం వచ్చా?

"లేదు" అని రాశాను.

అది అబద్ధం.

గోడ మీద నాలుగు పేర్లు

మెట్ల పక్కన గోడకి ఒక బోర్డు ఉంది. నేర్పేవాళ్ల పేర్లు, ఎదురుగా అర్హతలు. వయొలిన్ మేడంకి డిప్లొమా. హార్మోనియం మాస్టారికి నాటకాల్లో వచ్చిన బహుమతుల లిస్టు. కీబోర్డ్ నేర్పే కుర్రాడికి ఏదో గ్రేడ్ పరీక్ష. నాలుగో పేరు సన్నాయి మాస్టారిది. ఆయన ఆదివారం ఒక్కరోజే వస్తారు. ఆ పేరు ఎదురుగా ఒకటే మాట: వంశపారంపర్యం.

వయొలిన్ మేడం బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మొదటి రోజు వయొలిన్ నా చేతికివ్వలేదు. గంటసేపు సరళీ స్వరాలు పాడించారు. "గొంతులో లేనిది వేళ్లలోకి రాదు బాబూ" అన్నారు. అప్పుడే అడిగారు, సోమవరప్పాడు ఎప్పుడైనా వెళ్లావా అని. హైవే మీద బస్సులో వందసార్లు దాటిన ఊరు. ఎప్పుడూ దిగలేదు.

వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు 1926లో పుట్టింది అక్కడే. విజయవాడ ఆకాశవాణిలో దశాబ్దాలు పనిచేశారు. వందన లాంటి కొత్త రాగాలు కట్టారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. మంగళంపల్లి బాలమురళీకృష్ణకీ ఆయనే గురువు. పారుపల్లి వారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన గురువు... త్యాగరాజు!

అంటే మా హైవే పక్క ఊరి నుంచి తిరువయ్యూరు దాకా మధ్యలో ఉన్నది ముగ్గురే. మేడం ఈ పేర్లు వేళ్ల మీద లెక్కపెడుతుంటే, గిట్ హిస్టరీ చూస్తున్నట్టు అనిపించింది. ఏ మార్పు ఎవరు చేశారో, ఎవరి నుంచి తీసుకున్నారో వరసగా ఉంది.

హార్మోనియం మాస్టారిది తాడేపల్లిగూడెం. పగలు రైసు మిల్లులో గుమాస్తా, రాత్రి పద్యనాటకాలు. "పొద్దున్నే బస్తాల లెక్క రాస్తుంటే వేళ్లు టేబుల్ మీద కల్యాణి వాయించేసేవండీ" అని నవ్వుతారు. ఆయన పెట్టెకి పెద్ద కథే ఉంది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. మన గమకాలు దాని మెట్ల మీద పలకవన్నది ముఖ్యమైన ఫిర్యాదు. 1971లో గానీ ఆ కట్టు సడలలేదు. "రేడియో వద్దన్నా స్టేజీ వద్దన్లేదండీ. పద్యం ఎత్తుకునే నటుడికి శృతి ఎవరిస్తారు మరి?" అన్నారు.

కీబోర్డ్ కుర్రాడు నాకంటే చిన్నోడు. చర్చిలో నేర్చుకున్నాడు. పాస్టరుగారి భార్య నేర్పారట. నలుగురిలో స్టాఫ్ నొటేషన్ చూసి గడగడా వాయించేది అతనొక్కడే. ఒకరోజు అతను మేడంతో పందెం వేశాడు, వయొలిన్ అసలు తమ వైపు నుంచే వచ్చిందని. మేడం ఒప్పేసుకున్నారు! ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఇప్పుడు అది లేకుండా కచేరీ ఊహించగలమా?

నేర్పేవాడికి వాయించడం రావాలా?

పాలకొల్లు మాటొచ్చింది ఒకరోజు. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో నాన్నగారి మాండలిన్ పట్టుకున్నాడు. నేర్పింది రుద్రరాజు సుబ్బరాజు గారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్రం మనిషి. ఆయనకి మాండలిన్ రాదు. మరెలా నేర్పారు? ఆయన పాడేవారు, పిల్లాడు విని దాన్నే తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ. ఆ తర్వాత ప్రపంచమంతా 'మాండలిన్ శ్రీనివాస్' అంది.

ఇది విన్నాక బోర్డు మీది అర్హతలు వేరేగా కనిపించాయి. సర్టిఫికెట్ అక్కర్లేదని కాదు. 1919లో విజయనగరంలో మహారాజా వారు సంగీత కళాశాల పెట్టబట్టే కదా, గుడివాడ దగ్గర చౌటపల్లి కుర్రాడు ఘంటసాల వెతుక్కుంటూ అక్కడికి వెళ్లాడు. కానీ ఆ ఊళ్లో జోలె పట్టుకుని మధుకరం ఎత్తుకు తిన్న రోజుల్లో ఆయన్ని చేరదీసి నేర్పింది పట్రాయని సీతారామశాస్త్రి గారు. కాలేజీ పేరు సర్టిఫికెట్ మీద ఉంటుంది. గురువు పేరు మనిషి నోట్లో ఉంటుంది. ఘంటసాల బతికినన్నాళ్లూ ఆ పేరు తల్చుకున్నారు.

మరి నాలుగో గది?

ఆదివారం గది

సన్నాయి మాస్టారికి ముగ్గురే స్టూడెంట్లు. ఉదయం ఆయనకి సెలూన్ ఉంటుంది, పెళ్లిళ్ల సీజన్లో మేళం ఉంటుంది. మా ప్రాంతంలో సన్నాయి, డోలు ఎక్కువగా నాయీబ్రాహ్మణుల ఇళ్లల్లోనే సాగాయి. ఒంగోలు, చీరాల వైపు ముస్లిం కుటుంబాల్లోనూ ఉంది. కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారికి 1977లో పద్మశ్రీ వచ్చింది. తిరుపతిలో దేవస్థానం వాళ్లు నాదస్వరానికి, డోలుకి ప్రత్యేకంగా స్కూలే నడుపుతున్నారు. అయినా మా ఊళ్లో 'మేళం వాళ్లు' అనే మాట పలికే తీరు వేరు. నాకు తెలుసు. మా తాతది డోలు.

ఎనిమిదో క్లాసులో ఉండగా ఫ్రెండు వాళ్లక్క పెళ్లి. క్లాసు మొత్తం వెళ్లాం. మండపం పక్కన చాప మీద తాత డోలు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ముఖం వెలిగిపోయింది. "ఒరే నాన్నా" అని పిలిచాడు. పక్కనున్నవాడు "ఎవర్రా?" అన్నాడు. "ఏమో" అన్నాను. తాత విన్నాడు. మళ్లీ పిలవలేదు. ఇంటికొచ్చాక ఆ మాట ఎత్తనూ లేదు. నేను బీటెక్ రెండో ఏడులో ఉండగా పోయాడు. డోలు అటకెక్కింది.

ఒక శనివారం సన్నాయి మాస్టారు అడిగారు. "రేపు కైకలూరు వైపు పెళ్లుందండీ. మావాడికి జ్వరం. శృతి పెట్టె పట్టుకు కూచుంటే చాలు, వస్తారా?" ఎందుకో సరే అన్నాను.

ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు కొల్లేరు మధ్యలోంచి పోతుంది. వరదొస్తే చిన్న ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదికే నీళ్లొచ్చేస్తాయి. ఆ రోజు ఎండగా ఉంది. రెండు వైపులా చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరి చెట్లు, ఆటపాక దగ్గరపడుతుంటే తల మీంచి వెళ్లే గూడబాతులు. బైక్ వెనక సన్నాయి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పూర్వం కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి మేళాన్ని పడవల్లో తీసుకెళ్లేవారని మాస్టారు చెప్తున్నారు. డోలు తడవకుండా గోనెపట్టా చుట్టేవారట. తాత కూడా ఇదే చెప్పేవాడు. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని "ఊఁ" కొట్టేవాణ్ణి.

పెళ్లిలో డీజే ఉంది. సన్నాయి ఎవరూ వినట్లేదు. మాస్టారు పీక తడుపుకుంటూ, పట్టించుకోకుండా మోహన వాయిస్తున్నారు. ముహూర్తం దగ్గరపడింది. పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అన్నారు. డీజే ఠక్కున ఆగింది. వధూవరుల తలల మీద జీలకర్ర బెల్లం. అంతే, డోలు ఒక పక్క కర్ర, ఇంకో పక్క తొడుగులేసిన వేళ్లు... హాలంతా అదిరింది. ఏ అపశకునం మాటా, తుమ్మూ ఆ క్షణంలో వినపడకూడదని ఆ మోత. లక్షలు పెట్టి ఈవెంట్ చేసినా ఆ ఒక్క నిమిషం మాత్రం చాప మీద కూర్చున్నవాళ్లదే. నా కళ్లల్లో నీళ్లు. పొగ అనుకుని ఉంటారు.

భోజనాల దగ్గర మాస్టారికి చెప్పాను, మా తాత డోలు వాయించేవాడని. పేరు చెప్పగానే ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఆయన మనవడివా? మా నాన్నతో ఎన్ని మేళాలు చేశాడు!" ఒక్కసారిగా 'అండీ' పోయి 'నువ్వు' వచ్చింది. తర్వాత మామూలుగా అడిగారు. "మీ తాత ఎవరి దగ్గర నేర్చుకున్నాడు బాబూ?"

నాకు తెలీదు.

త్యాగరాజు దాకా పేర్లు చెప్పగలను. పాలకొల్లు గురువుగారి గురువు పేరు చెప్పగలను. నన్ను భుజాల మీద మోసిన మనిషి గురువు పేరు తెలీదు. వెరిఫికేషన్ ఫెయిల్ అన్నది ఇందుకే. పారుపల్లి వారి పరంపర నిలిచిందంటే శిష్యులు అడిగారు, గుర్తుపెట్టుకున్నారు, చెప్పుకున్నారు. మా ఇంట్లో అడగాల్సినవాణ్ణి నేను. 'వంశపారంపర్యం' అని బోర్డు మీద ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ, ఆ మాట లోపల కూడా ఎవరో ఒక గురువు ఉంటాడు, దెబ్బలుంటాయి, ఏళ్లుంటాయి.

రాత్రి ఇంటికొచ్చి అమ్మని అడిగాను. కాలు దిండు మీద పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

"ముదినేపల్లి వైపు ఒకాయన దగ్గరంట రా. మూడేళ్లు వాళ్లింట్లో ఉండి, గేదెలు మేపి, నీళ్లు మోసి నేర్చుకున్నాడంట. పేరు నాకు గుర్తులేదు. నీకు చెప్పాలని చూసేవాడు."

"ఎప్పుడు?"

"నువ్వు ఫోన్ చూసుకునేటప్పుడు."

మర్నాడు ఆఫీసు గదికెళ్లి నా ఫారం ఒకసారి ఇవ్వమన్నాను. చివరి గడిలో 'లేదు' కొట్టేసి, తాత పేరు రాసి, పక్కన 'డోలు' అని రాశాను. గురువు పేరు కోసం కాస్త చోటు వదిలాను. వచ్చే ఆదివారం సన్నాయి మాస్టారితో ముదినేపల్లి వెళ్తున్నాం. అక్కడ పాత మేళం వాళ్లలో ఎవరికైనా గుర్తుందేమో అడగాలి. అటక మీంచి డోలు దించాను. తోలు పూర్తిగా వదులైపోయింది, కొత్తది వేయించాలి.

మీ ఇంట్లో కూడా ఏదో ఒక పని చేతికొచ్చిన పెద్దాళ్లు ఉంటారు. వంటో, నేతో, వడ్రంగమో, పాటో. ఈ రాత్రి ఫోన్ పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడగండి: "ఎవరి దగ్గర నేర్చుకున్నావ్?"