కుక్కపిల్ల జడుపు

మీ యూరిలో ఉరుము వానకాలమున మాత్రమే వినబడును. మా గోదావరిఖనిలో అట్లు కాదు. ఇక్కడ సింగరేణి కంపెనీవారి ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గుమీది బండకు బెజ్జములు వేసి, మందు కూరి, పేల్చుదురు. ముందుగా సైరను మ్రోగును. పిమ్మట నేల అదరును, కిటికీ రెక్కలు గడగడలాడును. మేము మాట మధ్యలో ఆగి, మరల అందుకొందుము. కాని ఆరు మాసముల కుక్కపిల్లకు ఇది గనిపని అని ఎవరు చెప్పగలరు?

మా యింటికి వచ్చిన పిల్ల ఊరకుక్కల జాతిది. రాణి అని పిలుచుచున్నాము. ఎవరో విడిచిపోగా నాలుగు మాసముల వయస్సున దొరికినది. అమెరికా శాస్త్రజ్ఞులైన స్కాట్, ఫుల్లర్ గార్లు 1965లో ప్రకటించిన గ్రంథములో, పుట్టిన మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు కుక్కపిల్ల మనుష్యులకును లోకమునకును అలవాటుపడుటకు ముఖ్యమైన కాలమని చూపిరి. రాణికి ఆ కాలము ఎట్లు గడచెనో, ఎవరి చేతిలో గడచెనో!

సైరను వినబడగానే అది తోక కాళ్ల నడుమ ముడుచుకొని వీధిలోనికి దూకెడిది. వీధి దాటిన బొగ్గు టిప్పర్లు తిరుగు రోడ్డు. తలుపు మూసినయెడల మంచము క్రింద దూరి వణకెడిది. ఒకనాడు పొరుగింటి పిల్లవాడు ఆ మంచము క్రిందికి చేయి చాపగా, చొక్కా చేతిని పండ్లతో పట్టుకొని చింపెను. చర్మమునకు తగలలేదు. సాయంకాలము ఆ పిల్లవాని అవ్వ మా గడపలో కూర్చుండి, “దీన్ని గోదారి అవతల ఇడిసిరా బిడ్డా. రేపు పోరని చెయ్యి కరుస్తే ఏం జేస్తవు?” అనెను. ఆమె మాటలో పగ లేదు, న్యాయమున్నది. కాని తిండికి అలమటించునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. అదియు గాక, అవతలి యొడ్డునను పిల్లలున్నారు గదా! ఒక మాసము గడువడిగితిని.

కుక్క కరచుట అనేకమారులు పౌరుషముచేత కాదు, భయముచేత. కరవకమునుపే అది చెప్పుచునే యుండును: చెవులు వెనుకకు వాల్చును, పెదవులు నాకుకొనును, ముఖము త్రిప్పుకొనును. మనమే చదువనేరము.

రష్యా దేశస్థుడైన పావ్‌లోవ్ (1849–1936) ఆహారమునకు ముందు ఒక శబ్దము వినిపించుచు రాగా, తుదకు శబ్దమునకే కుక్కకు నోరూరుట కనుగొనెను. మా సైరను రాణికి ఆ పాఠమునే తలక్రిందుగా నేర్పినది. సైరను తరువాత వచ్చునది అదురు. దాని తరువాత కోడిగ్రుడ్డు వచ్చునట్లు చేయవలెను. అయితే పేలుడు దగ్గర మొదలుపెట్టరాదు. పేల్చు వేళకు దానిని త్రాడు కట్టి గనికి దూరముగా, గోదావరి యొడ్డుకు తీసికొనిపోయితిని. అక్కడ చప్పుడు చాల సన్నగా వినబడును. వినబడగానే ఉడికిన గ్రుడ్డు ముక్క. తినినదా, ఆ దూరము సరియైనది. తినకపోయినదా, ఇంకను వెనుకకు పోవలెను. కొలబద్ద అంతే. రోజులు గడచినకొలది ఇంటి వైపునకు కొంచెము కొంచెముగా జరిగితిమి.

భయపడిన కుక్కను నిమిరినయెడల భయము ముదురునని కొందరందురు. నేను ఒప్పుకొనను. భయము కూలికి చేయు పని కాదు, కూలి యిచ్చినంత మాత్రాన పెరుగుటకు. దగ్గరకు వచ్చినదానిని నిమిరితిని, దాగినదానిని బయటకు లాగలేదు.

ఇంటిలో వేరు పనులు పెట్టితిని. గోనెసంచి మడతలలో రొట్టెముక్కలు దాచి వెదకుమనుట. రెండు ఇటుకలమీద పలక వేసి నడిపించుట. బోర్లించిన తట్టను ముక్కుతో త్రోసి క్రిందిది తిననిచ్చుట. మొయినాబాదులో పోలీసు జాగిలములకు శిక్షణ యిచ్చువారును ముక్కుపనికే పెద్దపీట వేయుదురు. కుక్కకు ముక్కే కన్ను. తట్ట మొదటిసారి దబ్బున పడినప్పుడు రాణి పారిపోయెను. నాలుగవనాడు తానే పడవేసి, ఆ చప్పుడు తానే చేసినదని తెలిసినట్లు నిలిచి చూచెను. ఆ చూపు నాకు మిక్కిలి ఇష్టమైనది. ప్రతి పాఠము అయిదు నిమిషములే. ఇంకను కావలెనని అది తోక ఆడించుచుండగానే ముగింపు.

పిల్లవానికిని పాఠమున్నది. చేయి చాపవద్దు, కన్నులలోనికి చూడవద్దు, ప్రక్కకు తిరిగి కూర్చుండి నేలమీద ముక్క వేయుమంటిని. మూడవ వారమున రాణి వాని మోకాలు వాసన చూచెను. ఈలోగా దానికి పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించితిని. మూడు మాసములు నిండిన పిల్లకు వేయించి, అటుపిమ్మట డాక్టరు చెప్పిన గడువులకు మరల వేయించవలెను. మీ పల్లెలో ఎవరినైన కుక్క కరచినయెడల పసుపు, కారము అద్దక, సబ్బునీళ్లతో పదిహేను నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పంపుడి.

గడువు తీరిననాడు అవ్వ మరల గడపలో కూర్చుండియుండగా సైరను మ్రోగెను. రాణి లేచి, వీధివైపు చూచి, వంటగది గుమ్మమునొద్దకు పోయి గ్రుడ్డు కొరకు నిలిచెను. నేల అదిరినప్పుడు చెవులు వాల్చెను గాని కదలలేదు. “గట్లనే ఉంచు,” అని అవ్వ లేచిపోయెను.

దీపావళి రాత్రి టపాసులకు మాత్రము అది ఇప్పటికిని మంచము క్రిందనే పండుకొనును. మేము పిలువము. అక్కడ దాని కొరకు పాత గోనెసంచి పరచి యుంచితిమి.